సహకార దుకాణం: షేరు కొన్నంత మాత్రాన సొంతమవుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వంటింటి సరుకుల కోసం ఇరుగుపొరుగు కలిసి సహకార సంఘం పెట్టుకోవడం గురించి చెన్నై పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాము.

ప్రశ్న: మా అపార్టుమెంటులోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఉన్న నలభై కుటుంబాల వాళ్లము నెల్లూరు బియ్యం, కందిపప్పు, గుంటూరు మిరపకాయలు, నువ్వుల నూనె కలిసి తెప్పించుకొని పంచుకుంటున్నాము. లెక్కంతా వాట్సాప్ గ్రూపులోనే నడుస్తోంది. ఇప్పుడు తలా రెండు వేలు వేసుకొని, సహకార సంఘంగా రిజిస్టరు చేయించి, ఒక గది అద్దెకు తీసుకుందామని కొందరంటున్నారు. రెండు వేలు కడితే మేము దుకాణానికి యజమానులమైపోతామా? లాభం ఎలా వస్తుంది? "డబ్బు కట్టేసి మన పని మనం చూసుకోకూడదా?" అని మా అత్తయ్యగారు అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: మీ అత్తయ్యగారి మాటతోనే మొదలుపెడతాను. డబ్బు కట్టేసి మన పని మనం చూసుకోవడానికి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, పోస్టాఫీసు ఉంది; సహకార దుకాణం అందుకు పనికిరాదు. వినియోగదారుల సహకార సంఘంలో షేరు మీద వచ్చే రాబడిని కావాలనే తక్కువగా ఉంచుతారు. మిగులులో పెద్ద భాగం ఎవరెంత పెట్టుబడి పెట్టారన్న లెక్కన కాక, ఎవరెంత సరుకు కొన్నారన్న లెక్కన సభ్యులకు తిరిగి వస్తుంది. ఉదాహరణకు, ఏడాది చివర నిధులకు కేటాయించవలసినవి కేటాయించిన తరువాత మీ సంఘం షేరు మీద నూటికి ఆరు రూపాయలు, కొనుగోళ్ల మీద నూటికి రెండు రూపాయలు ఇవ్వాలని తీర్మానించిందనుకుందాము. నెలకు నాలుగు వేల చొప్పున ఏడాదికి 48,000 రూపాయల సరుకు కొన్న ఇంటికి కొనుగోళ్ల మీద 960, రెండు వేల షేరు మీద 120, మొత్తం 1,080 రూపాయలు వస్తాయి. షేరు కట్టి, సరుకులు మాత్రం ఫోనులో ఆర్డరు పెట్టుకునే ఇంటికి ఆ 120 రూపాయలే వస్తాయి. ఇవేవీ పెద్ద మొత్తాలు కావు. ఈ వెయ్యి రూపాయల కోసమే అయితే ఇంత శ్రమ పడవద్దని నేనే చెబుతాను.

మరి ఎందుకు పెట్టుకోవాలి? 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది, వారిలో చాలామంది నేత పనివారు, 28 పౌన్ల మూలధనంతో కొట్టు తెరిచినప్పుడు వారి అవసరం లాభం కాదు. కల్తీ లేని పిండి, సరైన తూకం, అరువు పేరుతో మెడకు ఉచ్చు బిగించని కొట్టు వారికి కావలసి వచ్చాయి. అందుకే వారు బజారు ధరకే అమ్మడం, నగదుకే అమ్మడం, మిగిలినదాన్ని కొనుగోలు లెక్కన పంచడం, షేర్లు ఎన్ని ఉన్నా మనిషికి ఒక్క ఓటే ఇవ్వడం అనే నియమాలు పెట్టుకున్నారు. వాటినే దిద్దుకుంటూ వచ్చిన అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరులో ఏడు సూత్రాలుగా ప్రకటించింది.

మీకు రోచ్‌డేల్ దాకా పోవలసిన పని కూడా లేదు. మీ ఊళ్లోనే ట్రిప్లికేన్‌లో 1904లో ఆ నమూనాను చూసి కొందరు మధ్యతరగతివారు ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీని పెట్టారు. అక్కడి హిందూ హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా ఉండి తరువాత దేశమంతటా పేరు పొందిన వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి వ్యవస్థాపకులలో ఒకరు. అదే ఏడాది వచ్చిన సహకార చట్టం పరపతి సంఘాలను, అంటే సభ్యులకు అప్పులిచ్చే సంఘాలను మాత్రమే దృష్టిలో పెట్టుకొని చేసినది; సరుకులు అమ్మే సంఘాల వంటివాటికి చట్టంలో స్పష్టమైన చోటు దొరికింది 1912లో. అంటే చట్టం వెనకబడి ఉండగానే ఆ కొట్టు ముందుకు నడిచింది. ఆ సంఘం నేటికీ ఉంది, నగరంలో రేషన్ దుకాణాలు కూడా నడుపుతోంది. అయితే రేషన్ కార్డు పట్టుకొని ఆ వరుసలో నిలబడే వారిలో ఎంతమంది దాన్ని తమ కొట్టు అనుకుంటారో మీరే ఊహించండి. సంఘం నిలిచి ఉండడం వేరు, సభ్యులు దాన్ని సొంతం అనుకోవడం వేరు.

ఇక మీ ప్రశ్నకు సూటిగా: రెండు వేలు కడితే మీకు యజమాని అయ్యే హక్కు వస్తుంది. మీ నెల సరుకులో పెద్ద భాగం అక్కడే కొంటూ, సర్వసభ్య సమావేశానికి వెళ్లి జమాఖర్చులు చదివి, అర్థం కానిది అడుగుతూ, నష్టం వచ్చిన ఏడాది షేరు మీద ఏమీ రాకపోయినా సరేనని నిలబడితేనే ఆ హక్కు చేతికి అందినట్టు. ఈ మూడింటిలో మొదటిదే కష్టమని నా అనుభవం. సమావేశానికి రమ్మంటే వచ్చేవారు కూడా పెద్ద దుకాణంవారు పంచదార మీద రెండు రూపాయలు తగ్గించారని తెలియగానే అటు వెళ్లిపోతారు. వారు దాన్ని నష్టానికి అమ్మి ఆ లోటును మరో సరుకు మీద రాబట్టుకుంటున్నారన్నది ఆ క్షణంలో ఎవరికీ తోచదు.

రిజిస్ట్రేషన్ సంగతి. తమిళనాడు సహకార సంఘాల చట్టం, 1983 కింద వ్యక్తులు సంఘం పెట్టుకోవాలంటే కనీసం 25 మంది ఉండాలి. మీరు నలభై కుటుంబాలవారు కనుక ఆ ఇబ్బంది లేదు. కాని దరఖాస్తు కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇప్పుడు మీ డబ్బంతా ఎవరో ఒక ఇల్లాలి సొంత ఖాతాలోకి యూపీఐ ద్వారా పోతూ ఉంటుంది. ఆవిడ ఎంత నిజాయితీపరురాలైనా, లక్షల్లో వచ్చిపోయే ఆ సొమ్ము తనది కాదని రేపు ఎవరైనా అడిగితే రుజువు చేయవలసింది ఆవిడే. వాట్సాప్ సందేశాలు పద్దు కావు. ఒక ఆరు నెలల పాటు మామూలు చిట్టా పుస్తకంలో తేదీ, సరుకు, కొన్న ధర, రవాణా, కూలి, తరుగు, ఎవరికెంత ఇచ్చారు, ఎవరు ఎంత బాకీ అన్నది రాయండి. ఆ పుస్తకాన్ని నెలకొకసారి కనీసం పదిమంది తిరగేస్తుంటే మీరు సంఘానికి సిద్ధంగా ఉన్నట్టే. ఎవరూ తిరగేయకపోతే రిజిస్ట్రేషన్ వల్ల ఆ బద్ధకానికి ఒక ముద్ర పడుతుంది, అంతే.

ప్రశ్న: మా వారు సంఘానికి లక్ష రూపాయలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. కాని రెండు వేలు పెట్టినవారికీ ఆయనకూ ఒకటే ఓటు అంటే న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: న్యాయమే. డబ్బును బట్టి మాట చెల్లాలనుకునేవారికి కంపెనీ చట్టం ఉంది. దాని కింద కంపెనీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. సహకార సంఘంలో మాత్రం ఓటు మనిషిది. మీవారు పెట్టదలచిన సొమ్ము నిజంగా అవసరమైతే, సంఘం నియమావళి అనుమతించిన మేరకు, వడ్డీ ఎంత, ఎప్పటికి తీర్చాలి అన్నది తీర్మానంలో రాసుకొని అప్పుగా తీసుకోవచ్చు. అప్పు ఇచ్చిన మనిషి కార్యదర్శి కూడా కాకుండా చూసుకోండి. అంత పెద్ద మొత్తం ఒక్కరి దగ్గర నుంచి వచ్చిన తరువాత ఆయన మాటకు ఎదురు చెప్పడానికి మిగతావారు మొహమాటపడతారు. చట్టం ఇవ్వని ఓట్లు మొహమాటం ఇస్తుంది.

ప్రశ్న: మా దగ్గర ముప్పై ఇళ్లవారు కలిసి సరుకు తెప్పిస్తాము. బస్తాలు దించుకోవడం, తూచడం, సంచులు కట్టడం ఎప్పుడూ మేము నలుగురమే చేస్తున్నాము. మిగతావారు సాయంత్రం వచ్చి సంచి పట్టుకుపోతారు, పైగా పప్పులో రాయి వచ్చిందని గ్రూపులో పెడతారు. అందరూ పని చేయాలన్న నియమం పెట్టవచ్చా? పెడితే మనుషులు మానేస్తారేమో అని భయం.
– ఒక పాఠకురాలు, కొళత్తూరు

జవాబు: పెట్టవచ్చు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 1973లో మొదలైన పార్క్ స్లోప్ ఫుడ్ కోఆప్‌లో సభ్యులు తప్ప ఇతరులు కొనడానికి వీల్లేదు. సభ్యులుగా ఉండాలంటే వంతు ప్రకారం పని చేసి తీరాలి. చాలాకాలం పాటు నాలుగు వారాలకొకసారి రెండు గంటల ముప్పావు చొప్పున అక్కడ సభ్యులు పెట్టెలు విప్పడం, జున్ను కోసి పొట్లాలు కట్టడం, బిల్లులు వేయడం, నేల తుడవడం చేశారు. వంతు ఎగ్గొట్టినవారికి కొనే హక్కు ఆగిపోతుంది. వేలమంది సభ్యులతో అది నిలబడింది. జపానులో సెయికట్సు క్లబ్బు 1965లో టోక్యోలోని సెటగాయా ప్రాంతంలో గృహిణులు పాలు కలిసి కొనుక్కోవడంతో మొదలైంది. వారు మరో దారి పట్టారు: కొద్ది ఇళ్లను ఒక జట్టుగా చేసి, ఆ జట్టుకంతటికీ ఒకే ఆర్డరు, ఒకే చోట దింపకం, పంపకం జట్టులోనే. పని చేయని మనిషి ముప్పై ఇళ్లలో కనిపించకుండా పోగలదు గాని, ఏడు ఇళ్లలో దాక్కోలేదు.

మీకు రెండో పద్ధతే నప్పుతుందని నా అభిప్రాయం. మన ఇళ్లలో పొద్దున్నే కేరేజీలు కట్టి, పిల్లల్ని బడికి పంపి, ఉద్యోగానికి పరుగెత్తే ఆడవాళ్లను ఆదివారం కాటా దగ్గర మూడు గంటలు నిలబెట్టి, ఇంట్లో మగవాళ్లు పేపరు చదువుకుంటూ ఉంటే దానికి సహకారమన్న పేరు తగదు. సభ్యత్వం ఇంటి పేర ఉన్నా పని వంతు ఇంట్లోని పెద్దవారందరికీ వర్తిస్తుందని రాసుకోండి. బస్తా ఎత్తలేని పెద్దవారు లెక్క రాయవచ్చు. కాలు కదపలేనివారు మిల్లుతో ఫోనులో బేరం చేయవచ్చు.

తూకం దగ్గర ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు, కాని మీ గ్రూపులో ఫిర్యాదు పెట్టినవారు ఒకసారి చూడాలి. యాభై కిలోల కందిపప్పు గోతం మూతి కుట్టిన దారాన్ని సరైన కొస పట్టుకొని లాగితే ఒక్క గుంజుకు వచ్చేస్తుంది, తప్పు కొస పట్టుకుంటే కత్తెర వెతుక్కోవాలి. ముందు నిండు గోతాన్ని తూచి రాయాలి, పప్పంతా పంచిన తరువాత ఖాళీ గోతాన్ని తూచి తీసివేయాలి. రెండు కిలోల చొప్పున ఇరవై అయిదు సంచులు కట్టబోతే చివరి సంచికి రెండు మూడు వందల గ్రాములు తగ్గుతుంది. ఆ తగ్గినది గోతం అడుగున చేరిన నూక, కాటా మీద ప్రతిసారీ ముల్లు కాస్త ఎక్కువ చూపించేదాకా వేసిన పిడికెడు, నేల రాలిన గింజలు. దాన్ని "తరుగు" అని పుస్తకంలో రాసి ధరలో కలపకపోతే, తూచిన మనిషే తన ఇంటి సంచిలోంచి సర్దుతూ పోతుంది. కొన్నాళ్లకు విసిగి మానేస్తుంది. మీ నలుగురిలో ఎవరో ఒకరు ఇప్పటికే అలా సర్దుతున్నారని నా అనుమానం. ఎలక్ట్రానిక్ కాటా వాడుతుంటే దానికి తూనికలు కొలతల శాఖవారు ఏటా వేసే ముద్ర ఉండాలన్నది కూడా మరిచిపోవద్దు.

ఇంకొక మాట. అందరూ అన్ని పనులూ ఉచితంగా చేయాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. బస్తాలు మోసే పనికి, గది ఊడ్చే పనికి కూలి ఇవ్వండి. ఆ పనికి వచ్చే మనిషిని, వాచ్‌మన్ భార్యను, మీ ఇళ్లలో పనిచేసే ఆవిడను సభ్యులుగా చేర్చుకోండి. షేరు సొమ్ము నెలకు రెండు వందల చొప్పున పది నెలల్లో కట్టే వీలు కల్పిస్తే వారికి భారం కాదు. మంచి పప్పు అవసరం వారికీ ఉంది, ధరలు మీకన్నా వారికే బాగా తెలుసు. సర్వసభ్య సమావేశంలో వారు కుర్చీలో కూర్చోవడానికి సంకోచిస్తే, ఆ సంకోచం పోగొట్టే బాధ్యత మీదే.

అలాగే "మనం తెలుగువాళ్లమే ఉందాం" అన్న మాట రెండు మూడు ఉత్తరాలలో కనిపించింది. గృహనిర్మాణ సంఘం విషయంలో ఒక మతంవారికే సభ్యత్వాన్ని పరిమితం చేసే నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించిన మాట నిజమే. కాని చట్టం ఒప్పుకున్నదల్లా తెలివైన పని కాదు. సహకార సూత్రాలలో మొదటిది అందరికీ తెరిచిన సభ్యత్వం. మీ పక్కింటి తమిళ కుటుంబం వస్తే మీకు బేరం పెరుగుతుంది, సహకార శాఖ నుంచి వచ్చే తమిళ ఉత్తరాలు చదివి పెట్టే మనిషీ దొరుకుతారు. గోంగూర పచ్చడికి తెలుగు కార్డు చూపించనక్కరలేదు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా వీధిలోని తెలుగువారు, తమిళులు అందరూ నా దగ్గరే ఖాతా పెట్టుకొని కొనేవారు. ఇప్పుడు గుంపులుగా టోకుకు తెచ్చుకుంటున్నారు. నెలాఖరున అరువుకు మాత్రం నా దగ్గరికే వస్తారు. ఇది మా పొట్ట కొట్టడం కాదా?
– ఒక పాఠకుడు, పాత వాషర్‌మన్‌పేట

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. సహకార దుకాణం నగదుకే అమ్మాలన్న నియమం వెనక మంచి కారణం ఉంది: అరువు ఇచ్చిన సంఘాలు వసూలు కాని బాకీలతో మూతపడ్డాయి, ఎందుకంటే సభ్యుడే యజమాని అయినచోట బాకీ అడగడం ఎవరికీ చేతకాదు. కాని ఇరవయ్యో తేదీకి జీతం అయిపోయిన ఇంటికి ఆ నియమం అన్నం పెట్టదు. అక్కడ ఆదుకునేది మీ ఖాతా పుస్తకమే. నగదు ఉన్నప్పుడు ఒకచోట, లేనప్పుడు మీ దగ్గర అనే మనుషుల తీరు సరైనది కాదని వారికి మీరు చెప్పలేరు గనుక నేను ఇక్కడ చెబుతున్నాను.

అయితే మీకు అసలు పోటీ ఈ గుంపులు కావు, పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే కంపెనీలు. సంఘాలవారు సాధారణంగా తెచ్చేది బియ్యం, పప్పులు, నూనె, ఎండుమిర్చి వంటి పది పదిహేను నిలవ సరుకులు. సబ్బు, అగ్గిపెట్టె, పాలపొడి, రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చే ఇంగువ మీ దగ్గరే. మీ గోదాములో చోటు ఉంటే సంఘానికి అద్దెకు ఇవ్వండి. సంఘం వారు తూకం రోజున మీ పాత కుర్రవాడికి పని ఇవ్వవచ్చు. మీరు కూడా ఆ వీధి ఇంటివారే గనుక సభ్యులు కావచ్చా అంటే, అదే సరుకుల వ్యాపారం చేసేవారిని పాలకవర్గంలోకి తీసుకోకపోవడం మంచిది. సంఘం ఏ ధరకు కొంటోందో మీకు తెలియడం, మీరు ఏ ధరకు కొంటున్నారో వారికి తెలియడం ఇద్దరికీ ఇరకాటమే.

ప్రశ్న: సహకార దుకాణం అనగానే మా తరానికి సూపర్ బజారు, దుమ్ము పట్టిన అలమరాలు, "స్టాకు లేదు" అన్న జవాబు గుర్తొస్తాయి. మళ్లీ అదే జరగదని ఏమిటి నమ్మకం?
– ఒక విశ్రాంత ఉద్యోగి, నుంగంబాక్కం

జవాబు: ఆ దుకాణాలలో ఎక్కువభాగం ఎవరి అవసరంలోంచి పుట్టాయో చూస్తే జవాబు దొరుకుతుంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ధరలను అదుపులో పెట్టడానికి కేంద్ర ప్రభుత్వం వినియోగదారుల సహకార భాండారాల పథకం తెచ్చింది. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు ఢిల్లీలో సూపర్ బజారు పెట్టింది. మూలధనంలో పెద్ద భాగం సర్కారుది, మేనేజరు సర్కారు మనిషి, సభ్యులు కాగితం మీద. అటువంటి చోట స్టాకు లేకపోతే సభ్యుడికి కోపం వచ్చేది గాని సిగ్గు వేసేది కాదు, ఎందుకంటే ఆ కొట్టు తనది కాదు. 1948లో ముంబైలో మొదలైన అప్నా బజార్ వంటివి స్థానికులు పెట్టుకున్నవి కనుక వాటి కథ వేరుగా నడిచింది.

ఈ జబ్బుకు మందు మొదట తయారైంది మన దగ్గరే. ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995 ప్రకారం సంఘం ప్రభుత్వ వాటా ధనం తీసుకోదు, దానికి బదులుగా ప్రభుత్వం పాలకవర్గంలో వేలు పెట్టదు. కర్ణాటక 1997లో సౌహార్ద చట్టం పేరుతో అటువంటిదే చేసుకుంది. తమిళనాడులో ఇలాంటి సమాంతర చట్టం లేదు. ఇక్కడ 1983 చట్టం కింద రిజిస్ట్రారుకు విస్తృతమైన అధికారాలు ఉన్నాయి, ఎన్నికైన పాలకవర్గాల బదులు ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారులు నడిపిన రోజులూ ఉన్నాయి. 2012 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కులలో చేర్చింది, సంఘాల స్వయంప్రతిపత్తిని ప్రోత్సహించాలని 43బి అధికరణంలో చెప్పింది. అందులో సంఘాల నిర్వహణకు సంబంధించిన భాగం రాష్ట్ర సంఘాలకు వర్తించదని, రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు కాబట్టి చెల్లదని సుప్రీంకోర్టు 2021 జులైలో తీర్పు ఇచ్చింది. హక్కు మాత్రం నిలిచింది.

కనుక చెన్నైలో పెట్టుకునేవారు ఒక జాగ్రత్త పాటించవచ్చు: సబ్సిడీ గది, ఉచిత ఫ్రీజరు, ఎమ్మెల్యే నిధి నుంచి తక్కెడ వంటివాటికి ఆశపడకండి. అద్దె మీరే కట్టుకోగలిగినంత గదిలో మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను మాధవరంలో ఉంటున్నాను. మా అన్నదమ్ములు నెల్లూరు జిల్లాలో వరి పండిస్తారు. మిల్లుకు అమ్మడం కన్నా చెన్నైలోని ఇలాంటి సంఘానికి నేరుగా బియ్యం ఇస్తే ఇద్దరికీ లాభం కదా? వారు కూడా సభ్యులు కావచ్చా?
– ఒక పాఠకుడు, మాధవరం

జవాబు: లాభం ఉంది గాని, మీరు అనుకున్నంత సులువుగా రాదు. ముందు సభ్యత్వం. కొనేవారి సంఘం తక్కువ ధర కోరుతుంది, పండించేవారి సంఘం ఎక్కువ ధర కోరుతుంది. ఒకే బల్లకు రెండు వైపులా ఒకే మనిషి కూర్చోలేడు. పండించేవారు తమ సంఘంలో తామే యజమానులుగా ఉండి, కొనేవారి సంఘంతో ఒప్పందం చేసుకోవడం మంచిది. తెలంగాణలోని ముల్కనూరులో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం తరతరాలుగా రైతులదిగా నిలిచి ఉంది. అనంతపురం ప్రాంతంలో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతులు పండించిన చిరుధాన్యాలను, వేరుశనగను తామే శుద్ధి చేసి, పొట్లాలు కట్టి నగరాలకు పంపుతుంది. మీ అన్నదమ్ములు ఒంటరిగా కాక ఊళ్లో పది ఇరవై మందితో కలిసి రాగలిగితే మాట నిలబడుతుంది.

బియ్యం దగ్గర అసలు చిక్కు పాతదనం. మనకు కావలసింది పాత బియ్యం. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసిన వడ్లను మరపట్టించి వెంటనే పంపితే అన్నం ముద్దవుతుంది, గంజి పట్టినట్టు ఉంటుంది. చెన్నై కోడళ్లు ఒక్కసారి వండి గ్రూపులో ఫోటో పెడితే మీ బేరం అక్కడితో సరి. ఆరు నెలలో ఏడాదో ధాన్యాన్ని నిల్వ ఉంచాలంటే రైతు డబ్బు అన్నాళ్లూ ఇరుక్కుపోతుంది, మధ్యలో పురుగు, తేమ, ఎలుకలు. మిల్లరు తీసుకునే తేడాలో కొంత ఈ నిరీక్షణకు కట్టే ధరే. సంఘం వారు కోత సమయంలోనే సగం సొమ్ము అడ్వాన్సుగా ఇచ్చి, బియ్యం మీద కాక నిల్వ ధాన్యం మీద ఒప్పందం చేసుకొని, నెలనెలా కావలసినంతే మరపట్టించి తెప్పించుకుంటే ఆ తేడాను ఇద్దరూ పంచుకోవచ్చు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 (సాంబ మసూరి) రకాన్ని చెన్నై తెలుగు ఇళ్లు అడుగుతాయి. మొలగొలుకుల రకాన్ని అడిగే పెద్దవారు ఇంకా ఉన్నారు, కాని ఆ రుచి ఎరిగినవారి కోసం ఒకటి రెండు ఎకరాలు వేయించడానికి కూడా ముందు చెప్పిన మాట, ముందు ఇచ్చిన డబ్బు కావాలి.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. 2022 జులై 18 నుంచి ముందుగా ప్యాకు చేసి లేబులు అంటించిన బియ్యం, పప్పులు 25 కిలోల వరకు అయిదు శాతం జీఎస్టీకి లోబడతాయి. బజారులో 26 కిలోల బియ్యం బస్తా ఎందుకు కనిపిస్తోందని చాలామంది అడుగుతుంటారు, కారణం ఇదే. పెద్ద బస్తాగా తెప్పించి సభ్యుల ఎదుటే విడిగా తూచి ఇచ్చే పద్ధతికి ఈ పన్ను లేదు. ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషనో లైసెన్సో తీసుకోవలసిన అవసరం మాత్రం విడి సరుకుకూ ఉంటుంది.

ప్రశ్న: వేళచ్చేరిలో అద్దెకు ఉంటున్నాము. ఉద్యోగరీత్యా ఎప్పుడైనా ఊరు మారవచ్చు. అప్పుడు మా షేరు సొమ్ము ఏమవుతుంది? దుకాణం బాగా నడిస్తే షేరు విలువ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: విలువ పెరగదు. రెండు వేలకు తీసుకున్న షేరు పదేళ్ల తరువాత కూడా రెండు వేలే. దుకాణం సంపాదించి నిధిలో వేసుకున్నది అక్కడ ఉండబోయే సభ్యులది, వెళ్లిపోయేవారిది కాదు. వెళ్లేటప్పుడు రాతపూర్వకంగా రాజీనామా ఇస్తే, మీ బాకీలు తీసివేసి, నియమావళిలో చెప్పిన గడువు తరువాత అసలు తిరిగి ఇస్తారు. ఒకే నెలలో పదిమంది వెళ్లిపోతే సరుకు కొనడానికి డబ్బు లేకుండా పోతుంది కనుక సాధారణంగా ఆ ఏడాది లెక్కలు ఆడిట్ అయ్యేదాకా ఆపుతారు. అద్దె ఇళ్లవారు ఎక్కువగా ఉన్న చోట్ల సంఘం పెట్టేవారు ఈ గడువును ముందే తక్కువగా రాసుకోవడం మంచిది. చేరేటప్పుడే నామినీ పేరు రాయించండి, షేరు రసీదును ఇంటి అద్దె ఒప్పందం పెట్టిన ఫైలులోనే పెట్టుకోండి. ఇల్లు ఖాళీ చేసే రోజున అద్దె అడ్వాన్సుతో పాటు దీన్నీ అడగడం గుర్తుంటుంది.